చవగ్గా దొరికిన పాత ఎక్స్‌బాక్స్: సమస్య - పరిష్కారం

మొదటి తరం ఎక్స్‌బాక్స్ సెకండ్ హ్యాండ్‌లో ఎందుకింత చవక అని అడిగితే నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి, సరుకు ఎక్కువ, అడిగేవాళ్ళు తక్కువ. 2001లో వచ్చిన ఈ మైక్రోసాఫ్ట్ గేమ్ పెట్టె దాదాపు 2.4 కోట్లు అమ్ముడుపోయింది. పైగా పెద్దది, బరువు. పేరున్న ఆటలు చాలావరకు తర్వాత వచ్చిన ఎక్స్‌బాక్స్‌ల మీదో కంప్యూటర్ మీదో ఆడుకోవచ్చు. ప్లేస్టేషన్ 2, నింటెండో వీ (Wii) కూడా ఇలాగే కోట్లలో అమ్ముడుపోయి చవగ్గా దొరుకుతున్నాయి. ఈ రకం చవక కొనేవాడికి లాభమే.

రెండో రకం చవక మూత కింద ఉంటుంది. అది చూడకుండా కొనేసి, తర్వాత "నిన్నటిదాకా బాగానే ఆడింది" అంటూ వచ్చేవాళ్ళ కోసమే ఇదంతా రాస్తున్నాను.

లక్షణం: బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. లేదా ప్లగ్ పెట్టగానే తనంతట తానే ఆన్ అవుతోంది.

పవర్ సప్లై పోయిందని మాత్రం అప్పుడే తీర్మానించకండి. అందరూ చేసే తప్పు అదే. వేరే పవర్ సప్లై తెప్పించి, బిగించి, అదే మౌనం చూసి తల పట్టుకుంటారు.

పవర్ కేబుల్ గట్టిగా కూర్చుందో లేదో చూశాక ఎజెక్ట్ బటన్ నొక్కండి. ఈ ఎక్స్‌బాక్స్ ఎజెక్ట్‌తో కూడా ఆన్ అవుతుంది. పవర్ బటన్‌కి పలకనిది ఎజెక్ట్‌కి పలికితే పవర్ సప్లై బాగానే ఉన్నట్టు. బటన్ కూడా బాగుంటే, దాని నుంచి చిప్‌కి వెళ్ళే దారి తెగిందన్నమాట. తెంపింది ఎవరో నూటికి తొంభైసార్లు నాకు ముందే తెలుసు: క్లాక్ కెపాసిటర్, అంటే లోపలి గడియారం కోసం కాస్త విద్యుత్తు దాచి ఉంచే చిన్న భాగం.

ప్లగ్ తీసినప్పుడు తేదీ, సమయం కొన్ని గంటలపాటు గుర్తుండటానికి బోర్డు మీద బ్యాటరీకి బదులు 1 ఫారడ్ సూపర్ కెపాసిటర్ పెట్టారు. దానికి ఇంకే పనీ లేదు. కొన్నేళ్ళకి దాని అడుగు నుంచి ద్రవం కారుతుంది. అది విద్యుత్తును పోనిస్తుంది, రాగిని తింటుంది. పవర్, ఎజెక్ట్ సిగ్నళ్ళ సన్నటి రాగి గీతలు సరిగ్గా అక్కడి నుంచే వెళ్తాయి. ద్రవం వాటిని కలిపేస్తే, బటన్ నొక్కినట్టు భ్రమపడి పెట్టె తానే ఆన్ అవుతుంది. గీతను పూర్తిగా తినేస్తే ఇక పలకదు.

మోసం ఎక్కడంటే, కారడం మొదలైన చాలాకాలం వరకూ ఆట మామూలుగానే నడుస్తుంది. అమ్మేవాడు "టెస్ట్ చేశాను, పనిచేస్తోంది" అంటే అబద్ధం కాదు. పెట్టెను వాడకుండా దాచినా కారడం ఆగదు. కొత్తదానిలా మెరుస్తుంది, లోపల బోర్డు కుళ్ళుతుంటుంది. నేనూ ఇలాగే ఒకదాన్ని పోగొట్టుకున్నాను. కొన్నరోజున చక్కగా ఆడింది. మూత తీయడానికి బద్ధకించి పక్కన పెట్టాను. ఏడాది తర్వాత తీసి చూస్తే కెపాసిటర్ చుట్టూ గోధుమరంగు మరక, కింద రెండు గీతలు మాయం. పావుగంటలో అయ్యే పనికి రెండు రాత్రులు భూతద్దం పట్టుకుని కూర్చున్నాను.

పరిష్కారం

ప్లగ్ తీసి కాసేపు ఆగండి. పవర్ సప్లై పెట్టె లోపలే, పైన ఏ కప్పూ లేకుండా ఉంటుంది. దాని మీద వేలు పెట్టకండి. అడుగున ఆరు స్క్రూలుంటాయి: నాలుగు రబ్బరు కాళ్ళ కింద, రెండు స్టిక్కర్ల కింద. టి20 టార్క్స్ బిట్ (నక్షత్రం ఆకారపు మొన) కావాలి. లోపలి డ్రైవ్‌లకి టి10.

డ్రైవ్‌లు ఎత్తాక బోర్డు ముందు భాగంలో 1 ఫారడ్, 2.5 వోల్టులని రాసిన గుండ్రటి కెపాసిటర్ కనిపిస్తుంది. పైనుంచి శుభ్రంగా ఉందని మూత పెట్టేయకండి. ఇంత చెప్పినా అదే చేసేవాళ్ళున్నారు. ద్రవం అడుగున ఉంటుంది, పైనుంచి కనిపించదు. కారినా కారకపోయినా తీసేయండి (కింద మినహాయింపుగా చెప్పిన బోర్డు అయితే తప్ప). దాని కాళ్ళలో ఒకటి గ్రౌండ్‌కి (బోర్డులోని వెడల్పాటి రాగి పొరకి) అతికి ఉండటం వల్ల వేడిని లాగేస్తుంది, కాబట్టి సోల్డరింగ్ ఐరన్ బాగా వేడెక్కాలి. బలం పెట్టి లాగితే బోర్డు మీది రాగి కూడా లేచి వస్తుంది.

తీశాక 90 శాతం దాటిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్ పట్టుకుని ఆ చోటంతా రుద్దండి. ఆరాక మళ్ళీ రుద్దండి. మరక బోర్డు కిందివైపుకీ దిగి ఉండొచ్చు, అటూ చూడండి. ఆకుపచ్చ పూత ఉబ్బినచోట గీతను మల్టీమీటర్‌తో ఈ చివర నుంచి ఆ చివరకి పరీక్షించండి. బీప్ రాకపోతే సన్నటి ఎనామెల్ తీగతో రెండు చివరలూ కలపాలి.

కెపాసిటర్ లేకపోతే సేవ్ చేసిన ఆటలు పోతాయేమోనని టెన్షన్ పడేవాళ్ళున్నారు. అవి హార్డ్ డిస్క్‌లో ఉంటాయి, ఏమీ కావు. ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ మళ్ళీ పెట్టుకోవాలి, అంతే నష్టం.

ఒక్క మినహాయింపు ఉంది. 2004 నుంచి వచ్చిన చివరి రకం బోర్డులో, అంటే 1.6 వర్షన్‌లో, వేరే రకం కెపాసిటర్ ఉంటుంది. అది సాధారణంగా ఇలా కారదు, దాన్ని కదపకండి. అడుగు లేబుల్ మీద తయారీ తేదీ ఉంటుంది. 2004 అని ఉంటే బోర్డు ఏ రకమో తేల్చుకున్నాకే ఐరన్ పట్టుకోండి.

మిగతా లక్షణాలు

ట్రే బయటకి రావట్లేదంటే బెల్టు సాగింది, మార్చండి. డిస్క్ చదవట్లేదంటే లెన్స్ తుడవండి. తుడిచినా చదవకపోతే డ్రైవ్ పోయినట్టే.

తెర మీద 05 లేదా 06 అని ఎర్రర్ వస్తే ఎవరో హార్డ్ డిస్క్ మార్చారు. ఈ పెట్టెలో డిస్క్‌కి, బోర్డుకి ఒకే తాళం. బజార్లో కొన్న డిస్క్ నేరుగా పెడితే ఒప్పుకోదు.

మూడుసార్లు ఆన్ అయ్యి ఆగి, ఎరుపు ఆకుపచ్చ లైట్లు మెరిస్తే మళ్ళీ కెపాసిటర్ దగ్గరికే వెళ్ళండి. అక్కడ శుభ్రంగా ఉంటే ప్రాసెసర్ పక్కనున్న పెద్ద కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూడండి. ర్యామ్ పోవడం, బయోస్ (పెట్టెను మొదలుపెట్టే ప్రోగ్రామ్) చెడిపోవడం లాంటివీ ఉంటాయి గానీ అరుదు. వాటి జోలికి పోయేకన్నా ఇంకో పెట్టె కొనడం చవక.

ఇంకా కొనకపోతే, ఆడుతున్న వీడియో కాదు, మూత తీసి ఆ కెపాసిటర్ చుట్టూ తీసిన ఫోటో అడగండి. పంపనంటే "పనిచేయదు" అని పెట్టిన పెట్టెలకి ఇచ్చే ధరే చెప్పండి.