జిగురు బియ్యప్పిండితో తీపి వంటలు – 3వ పాఠం: క్లెపోన్

పోయిన పాఠంలో పూర్ణం లేని ఉత్త ఉండలు ఉడికించాం. అవి నీళ్లలో చెదరకుండా తేలాయంటే మీరు ఈ పాఠానికి సిద్ధమే. చెదిరితే మరోసారి అవే చేసి చూడండి. ఇవాళ్టి ఉండ కడుపులో బెల్లం ఉంటుంది కనుక, అది పగిలిందంటే గిన్నెడు నీళ్లూ పానకమే.

క్లెపోన్ జావా ద్వీపపు తీపి. ఆకుపచ్చని ఉండ, లోపల కరిగిన బెల్లం, పైన కొబ్బరి కోరు. మలేషియా, సింగపూర్‌లలో దీన్నే ఒండె ఒండె అంటారు. జావాలో ఆ పేరు చెప్పి అడిగితే మాత్రం నువ్వులద్ది నూనెలో వేయించిన, పెసరపప్పు పూర్ణం పెట్టిన వేరే ఉండ చేతికొస్తుంది.

పచ్చదనం, పరిమళం పాండన్ ఆకువి. మన మొగలికి అది దగ్గరి చుట్టం. నాలుగైదు ఆకులు నీళ్లతో రుబ్బి వడకట్టండి. ఆకు దొరకకపోతే ఉత్త నీళ్లు చాలు. తెల్లని ఉండలోనూ రుచికి లోటు లేదు. బెల్లం విషయంలో మాత్రం నేను రాజీపడను. అక్కడ కొబ్బరి చెట్ల, అరెన్ అనే తాటిజాతి చెట్ల నీరా కాచి చేసిన బెల్లం వాడతారు. మన తాటిబెల్లం దానికి బాగా దగ్గర. చెరకు బెల్లంతో తీపి వస్తుంది గానీ ఆ రుచి రాదు.

కొలతలు: జిగురు బియ్యప్పిండి 200 గ్రాములు, గోరువెచ్చని పాండన్ నీళ్లు సుమారు 160 మిల్లీలీటర్లు, తాటిబెల్లం 75 గ్రాములు, చిప్పెడు కొబ్బరి కోరు, చిటికెడు ఉప్పు. 24 ఉండలవుతాయి.

ముందుగా కోరులో ఉప్పు కలిపి పది నిమిషాలు ఆవిరి పట్టండి. పచ్చి కోరు తొందరగా పులిసిపోతుంది.

ఇక అసలు పని. నీళ్లన్నీ ఒకేసారి పోయకండి, రెండు చెంచాలు ఆపుకోండి. పిండి ముద్దయ్యాక నిమ్మకాయంత తీసి బిళ్లగా తట్టి, మరిగే నీళ్లలో వేసి, తేలాక తీసి, వేడి తగ్గాక మిగతా ముద్దలో కలిపి మర్దించండి. ఈ పిండికి గోధుమపిండిలా సాగే గుణం పచ్చిగా ఉన్నప్పుడు లేదు, ఉడికితేనే వస్తుంది. అందుకే ఉడికిన ఆ కాస్త ముద్ద మిగతాదాన్ని పట్టి ఉంచుతుంది. ముద్ద ఎంత మెత్తగా ఉండాలంటే, జపాన్‌వాళ్లు చెవి తమ్మెను పట్టి చూసుకోమంటారు. నొక్కితే అంచులు బీటలు వారుతున్నాయా? ఆపుకున్న నీళ్లలోంచి అర చెంచా చేర్చండి.

చిన్న ఉసిరికాయంత పిండి తీసి, గుంట చేసి, కుంకుడు గింజంత బెల్లం ముక్క పెట్టి మూయండి. బెల్లాన్ని పొడి చేస్తే అతుకులోకి చేరి పగులు తెస్తుంది, ముక్కే మేలు. మూసిన చోట పిండి పలుచబడకుండా అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించండి.

బాగా మరిగే నీళ్లలో విడతకు ఎనిమిది చొప్పున వేయండి. తేలగానే తీసేయకండి: పిండి ఉడికినా బెల్లం ఇంకా కరగదు. మరో రెండు నిమిషాలు ఉంచి, నీరు ఓడ్చి, కొబ్బరిలో దొర్లించండి. కాస్త చల్లారాక ఉండను పూర్తిగా నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి కొరకండి. సగం కొరికితే పాకం చొక్కా మీద చిందుతుంది. మిగిలినవి ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడతాయి, ఆ రోజే తినేయాలి.

అభ్యాసం: ఉడికిన ముద్ద కలపకముందు కాస్త పచ్చి పిండి పక్కన పెట్టి, దానితో మూడు ఉండలు చేయండి. కలిపిన పిండితో మరో మూడు. ఆరింటినీ ఒకే గిన్నెలో ఉడికించి, ఏవి పగిలాయో, అతుకు దగ్గరా మరోచోటా అన్నది రాసిపెట్టుకోండి. పైపొర మరింత పలుచగా ఉండే దైఫుకు (పూర్ణం పెట్టిన జపాన్ తీపి ఉండ) చేసే ముందు ఆ కాగితం అవసరమవుతుంది.