టోక్యో డబుల్ డెక్కర్ లోకల్ ట్రైన్‌లో సీటు పట్టడం ఎలా

జేఆర్ ఈస్ట్ అనే రైల్వే కంపెనీ వాళ్ళ టోకైడో, యోకోసుకా, తకసాకి లైన్లలో చాలా ట్రైన్లకి మధ్యలో రెండంతస్తుల గ్రీన్ కార్లు (ఎక్కువ చార్జీ కట్టి ఎక్కే ఫస్ట్ క్లాస్ లాంటి బోగీలు) రెండు ఉంటాయి, 2025 మార్చి నుంచి చువో రాపిడ్ లైన్‌లో కూడా పెట్టారు. మామూలుగా 4, 5 నంబర్ బోగీలే, ప్లాట్‌ఫామ్ మీద గుర్తు చూసి అక్కడే లైన్‌లో నిలబడండి. ఎక్కకముందే సుయికా కార్డులో (ముందే డబ్బులు వేసుకుని ట్రైన్లలో వాడే కార్డు) గ్రీన్ టికెట్ కొనేయండి, మామూలు చార్జీ కాకుండా 50 కిలోమీటర్ల వరకు ఇంకో 750 యెన్, అదే కాగితం టికెట్ అయితే 260 యెన్ ఎక్కువ పడుద్ది కాబట్టి అనవసరం. సీటు రిజర్వేషన్ ఉండదు, ఖాళీగా ఉన్నదాంట్లో కూర్చుని తలపైన సీలింగ్‌లో ఉన్న రీడర్‌కి కార్డు ఆనిస్తే ఎర్ర లైటు పచ్చగా మారుద్ది, అంతే. సీటు మారితే కొత్త చోట మళ్ళీ ఆనించాలి, మర్చిపోవద్దు.

వ్యూ కావాలంటే పై అంతస్తే ఎక్కండి. కింద కూర్చుంటే స్టేషన్ వచ్చినప్పుడు ప్లాట్‌ఫామ్ సరిగ్గా మన కళ్ళ ఎత్తులో ఉంటుంది, జనాల బూట్లు కనిపిస్తాయి, నాకైతే అదీ భలే ఇష్టం. పెద్ద సూట్‌కేస్ ఉంటే మాత్రం రెండు అంతస్తులూ వద్దు, అక్కడ సామాన్ల అర ఉండదు, బోగీ చివర్లో మెట్లు లేని సీట్ల పైన ఉంటుంది, అక్కడ చూసుకోండి.