అమెరికాలో గడియారాలు మారకముందే: తేదీల కోడ్‌లో తీసుకోవలసిన జాగ్రత్తలు

2026 నవంబరు 1, ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు అమెరికాలోని చాలా రాష్ట్రాలు గడియారాన్ని ఒక గంట వెనక్కి జరుపుతాయి కాబట్టి అక్కడ ఆ రోజుకు 25 గంటలు ఉంటాయి. భారత కాలమానం ఏడాది పొడవునా మారదు. అందువల్ల హైదరాబాదులో కూర్చొని అక్కడి క్లినిక్కులకు అపాయింట్‌మెంట్ పేజీలు రాసేవారికి, తమ కంప్యూటర్‌లో ఎన్నిసార్లు పరీక్షించినా ప్రతి రోజుకూ 24 గంటలే అనుకోవడం వల్ల వచ్చే తప్పు కనబడదు.

ముందుగా కోడ్‌లో 86400000 అనే సంఖ్య ఎక్కడెక్కడ ఉందో వెతకండి. ఒక రోజుకు ఇన్ని మిల్లీసెకన్లని నమ్మి, షికాగోలో నవంబరు 1 మొదలయ్యే 00:00 గంటలకు దీన్ని కలిపితే వచ్చేది 2వ తేదీ కాదు, అదే 1వ తేదీ రాత్రి 11 గంటలు. వారం రోజుల జాబితాలో 1వ తేదీ రెండుసార్లు పడి, చివరి రోజు రాలిపోతుంది. జావాస్క్రిప్ట్‌లో సెట్‌డేట్ అనే ఫంక్షన్‌తో తేదీని ఒకటి పెంచితే ఈ చిక్కు రాదు. 2027 మార్చి 14న దీనికి తిరగబడిన సమస్య ఎదురవుతుంది: ఆ రోజుకు 23 గంటలే కాబట్టి, రెండు అర్ధరాత్రుల తేడాను భాగించి భిన్నాన్ని వదిలేస్తే సున్నా రోజులని వస్తుంది.

ఆరు గంటలకోసారి వేసుకోవలసిన మందుకు గడిచిన గంటలే లెక్క; రేపు ఉదయం తొమ్మిదింటి అపాయింట్‌మెంట్‌కు క్యాలెండరే లెక్క. ఏది ఏదో తేల్చుకోకుండా కోడ్ రాయడమే అసలు ప్రమాదమని నా అభిప్రాయం.

రాబోయే అపాయింట్‌మెంట్‌ను యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం)లో మాత్రమే దాచకండి. స్థానిక సమయంతో పాటు ‘అమెరికా/షికాగో’ వంటి టైమ్ జోన్ పేరునూ దాచండి. ‘మైనస్ 6’ (యూటీసీకి ఆరు గంటలు వెనక) అని రాసిపెట్టుకుంటే వేసవిలో తప్పుతుంది. ఆరిజోనాలో ఎక్కువ భాగం గడియారాన్ని మార్చదని కూడా గుర్తుంచుకోండి. నవంబరు 1న రాత్రి 1:30 రెండుసార్లు వస్తుంది కాబట్టి, ఆ వేళకు బుకింగ్ ఉంటే ఏ 1:30 అన్నది స్పష్టంగా నమోదు చేయాలి.

మన దేశపు వాడుకరులకు వేరొక ఉచ్చు ఉంది. ఇక్కడి బ్రౌజర్‌లో ఆగస్టు 15 అర్ధరాత్రి 00:00ను టుఐఎస్ఓస్ట్రింగ్ (తేదీని యూటీసీలో రాసి ఇచ్చే జావాస్క్రిప్ట్ ఫంక్షన్)తో రాస్తే 14వ తేదీ 18:30గా వస్తుంది. అందులోంచి తేదీని కత్తిరించుకుంటే పుట్టినరోజులన్నీ ఒక రోజు వెనక్కి పోతాయి.

విడుదలకు ముందు టీజెడ్ (ప్రోగ్రాముకు టైమ్ జోన్ చెప్పే అమరిక) విలువను షికాగోకు మార్చి, అక్టోబరు 31 నుంచి నవంబరు 2 వరకు ప్రతి తేదీతోనూ పరీక్షలు నడపండి.