పాత ఫోటోలోని బ్రిటిష్ సైనికుడి టోపీ బ్యాడ్జిని ఎలా గుర్తించాలి?

బ్యాడ్జి మీద అక్షరాలు చదవాలని చూడకండి. నూరేళ్ల నాటి ఫోటోలో అవి దాదాపు ఎప్పుడూ కనిపించవు. ఆకారం, కిరీటం, లోహపు ఛాయ మాత్రం మిగిలి ఉంటాయి. పని వాటితోనే.

1. స్కాన్ చేయండి. ఫోన్ ఫోటో సరిపోదు. ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో కనీసం 1200 డీపీఐ పెట్టండి. స్టూడియో ముద్ర ఉండేది వెనకే కాబట్టి ఆ వైపూ స్కాన్ చేయాలి. ఏఐ యాప్‌తో బ్యాడ్జిని క్లియర్ చేయించొద్దు, లేని గీతల్ని కల్పించి పెడుతుంది. కాంట్రాస్ట్ మార్చుకుంటే చాలు.

2. టోపీ చూసి కాలం అంచనా వేయండి. వెనక రిబ్బన్లు వేలాడే గ్లెన్‌గారీ అనే స్కాటిష్ టోపీకి బ్యాడ్జి ఎడమ పక్కన ఉంటుంది. స్కాటిష్ దళాలను పక్కన పెడితే అది ఎక్కువగా విక్టోరియా కాలపు చివరి దశాబ్దాలది. ముందు అంచు ఉన్న గట్టి ఖాకీ టోపీ 1905 తర్వాతది.

3. కిరీటాన్ని పెద్దది చేసి చూడండి. పైభాగం గుమ్మటంలా గుండ్రంగా ఉంటే 1901–1952 మధ్య రాజుల కాలం. నడుమ అణిగి ఉంటే విక్టోరియాది కావచ్చు, 1953 తర్వాత ఎలిజబెత్‌దీ కావచ్చు. ఆ రెండింటినీ టోపీయే విడదీస్తుంది. అన్ని బ్యాడ్జీలకూ కిరీటం ఉండదు.

4. ఇప్పుడు ఆకారం. అసలు ఆనందం ఇక్కడే. ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు మెషిన్ గన్‌లు, పైన కిరీటం ఉంటే మెషిన్ గన్ కోర్. ఆ దళం 1915 అక్టోబరులో పుట్టి 1922లో రద్దయింది కాబట్టి ఫోటో కాలం కూడా తేలిపోతుంది. జింక లాంటి జంతువు ఉంటే రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్, బ్రిటన్‌కు ప్రతీక అయిన బ్రిటానియా దేవి కూర్చుని ఉంటే నార్‌ఫోక్ రెజిమెంట్. మంటలు చిమ్మే గ్రెనేడ్ కనిపిస్తే ఫ్యుజిలియర్లు (ఆ పేరున్న కాల్బలం రెజిమెంట్లు) అనుకోండి, కానీ అక్కడే ఆగిపోవద్దు. కింది గుండు మీద ఏముందో చూడాలి. స్ఫింక్స్ (మనిషి తల, సింహం ఒళ్లు ఉన్న ఈజిప్టు బొమ్మ) అయితే లాంకషైర్, పులి ఒక్కటే ఉంటే రాయల్ మన్‌స్టర్, పులితో పాటు ఏనుగూ ఉంటే రాయల్ డబ్లిన్. ఈ మన్‌స్టర్ దళానికి మూలం ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యం. 1758లో పిఠాపురం దగ్గరి చందుర్తి యుద్ధం, 1759లో మచిలీపట్నం కోట పట్టుకోవడం దాని యుద్ధ గౌరవాల్లో (దళం తన ఖాతాలో చెప్పుకునే యుద్ధాల జాబితాలో) ఉన్నాయి. తెలుగువాళ్లకు ఆ పులి అంత పరాయిదేమీ కాదు.

5. ఛాయ చూడండి. అప్పటి ఫిల్ములు చాలావరకు ఎరుపును నల్లగా, పసుపును మసకగా చూపేవి. అందుకే ఇత్తడి మనం అనుకున్నదానికన్నా ముదురుగా, తెల్ల లోహం మెరుస్తూ కనిపిస్తుంది. రెండు లోహాల బ్యాడ్జీ అంతా ఒకే ఛాయలో ఉంటే 1916లో వచ్చిన పొదుపు రకం కావచ్చు. ఆఫీసర్ల కంచు బ్యాడ్జీలు మరీ నల్లగా పడతాయి.

6. భుజం మీది ఇత్తడి అక్షరాలతో సరిచూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి బ్యాడ్జి ఫీల్డ్, హార్స్, గారిసన్ ఆర్టిలరీ అనే మూడు ఫిరంగి దళాలకూ ఒక్కటే. తేడా భుజం మీదే దొరుకుతుంది. సైనికులు దళాలు మారేవారు కూడా, కాబట్టి బ్యాడ్జి చెప్పేది ఫోటో తీసిన రోజు సంగతే. ఇంట్లో అతని పతకాలు ఉంటే అంచు మీద చెక్కిన పేరు, దళం చదివి పోల్చుకోండి.