గనుల ఊరిలో దొంగసారా చరిత్రను సేకరించడం ఎలా?

తెలంగాణలో కృష్ణ ఒడ్డున మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి వైపు సున్నపురాయి గనుల చుట్టూ పెరిగిన ఊళ్ల సామాజిక చరిత్ర రాయబోయేవారికి మొదట దొరికేవి భూసేకరణ కాగితాలు, సిమెంటు ఉత్పత్తి లెక్కలు. అవీ అవసరమే. అయితే ఆ ఊళ్లలో ఎవరి చేతికి డబ్బు వచ్చింది, ఎవరి చేతిలోంచి జారిపోయింది, ఎవరు ఎవరికి బాకీపడ్డారు అన్న సంగతి తెలియాలంటే గుడుంబా, అంటే బెల్లం ఊటతో దొంగచాటుగా కాచే నాటుసారా, వ్యాపారం దగ్గర మొదలుపెట్టడమే మేలని నా అనుభవం. అందుకు సీసా వెంట కాక, కూలి డబ్బు వెంట నడవాలి.

ముందుగా మాటలను విడదీసుకోవాలి. కల్లు, సర్కారు సారా, గుడుంబా, వైన్సు మందు అనేవి నాలుగు వేర్వేరు సరుకులు. వాటిని అమ్మినవారు వేరు, తాగినవారు వేరు, చట్టం వాటిని చూసిన తీరు కూడా వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తివేసినా సారా మీద నిషేధం మాత్రం మిగిలింది. అంటే వేలంపాటలో దుకాణం పాడుకున్న కాంట్రాక్టరు దగ్గర సెప్టెంబరు నెలాఖరున కొలిచి పోసిన మనిషి, అదే పని అక్టోబరులో చేస్తే నేరస్థుడు అయ్యాడు. కాబట్టి ఎవరు ఏ జ్ఞాపకం చెప్పినా, అది ఈ తేదీలకు ఏ వైపు జరిగిందో తేల్చుకోకుండా ‘దొంగసారా’ అన్న మాట రాయకూడదు. తేదీలు గుర్తులేనివారిని ‘(సర్కారు సారా) పాకెట్లు వచ్చే కాలమా, బంద్ అయినంకనా’ అని అడిగితే చాలు.

ఇంటర్వ్యూలలో నేను చేసిన మొదటి తప్పు ‘ఇక్కడ గుడుంబా ఎవరు కాచేవారు?’ అని నేరుగా అడగడం. వాడంతా ఒక్కసారిగా నోరు మూసుకుంది. తరువాత ప్రశ్నలు మార్చుకున్నాను: కూలి బట్వాడా ఏ రోజు జరిగేది, డబ్బు కూలీ చేతికే ఇచ్చేవారా లేక మేస్త్రి చేతికా, ఆ సాయంత్రం అంగడికి ఎవరు వెళ్లేవారు, ఊళ్లోకి నల్లబెల్లం ఎవరి కొట్టుకు దిగేది? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఎక్సైజ్ దాడుల్లో గుంతల్లో దాచిన బెల్లం ఊటను పారబోసి, బట్టీ దగ్గర దొరికిన ఆడమనిషి మీద కేసు రాస్తారు. బెల్లం, పటిక బస్తాల్లో తెచ్చి అప్పుకు ఇచ్చిన వ్యాపారి పేరు ఆ కాగితంలో కనబడడం అరుదు. లాభం ఎక్కడ ఆగిందో తెలియాలంటే బస్తా వచ్చిన దారి పట్టుకోవాలి.

ఖాతా పుస్తకాలు దొరికితే వదలవద్దు. ఒక కిరాణా కొట్టులో నాకు ఎర్ర అట్ట పుస్తకం ఒకటి చూపించారు. పేరుకు ఎదురుగా నూకలు, కిరసనాయిలు, బీడీలు వరుసగా ఉన్నాయి. మధ్య మధ్య సరుకు పేరు లేకుండా ‘చి’ అని రాసి, పక్కన రూపాయలు వేసి ఉన్నాయి. చిల్లర అని కొట్టతని కొడుకు నవ్వుతూ చెప్పాడు. గుడుంబా అప్పుకు మారుపేరైన ఆ పద్దులు బట్వాడా రోజున కాక, దానికి ముందు రెండు మూడు రోజుల్లో ఎక్కువగా ఉన్నాయి. జేబు ఖాళీ అయ్యాక అప్పు మీద తాగారు, ఆ అప్పును మేస్త్రి కూలిలోంచి పట్టుకుని కొట్లో కట్టేవాడు. ‘కూలి చేతికి రాగానే తాగి తగలేశారు’ అన్న పెద్దమనుషుల మాటను ఆ ఒక్క పుస్తకమే అనుమానించేలా చేసింది.

ఇక సర్కారు కాగితాలు. సమాచార హక్కు చట్టం కింద ఎక్సైజ్ కార్యాలయానికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేసి, కేసులు, పట్టుకున్న బెల్లం కిలోలు, తహసీల్దారు ముందు జరిగిన బైండోవర్లు (మళ్లీ తప్పు చేయమని రాయించుకునే పూచీలు) ఏడాదివారీగా అడగండి; జవాబుకు గడువు 30 రోజులు. ఆ అంకెలు దాడులు ఎన్ని జరిగాయో చెబుతాయే తప్ప, ఎంత తాగారో చెప్పవు. నిజాం కాలం సంగతులకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఆబ్కారీ (ఎక్సైజ్) చట్టం నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరాల లెక్కలో 1316 నాటిది కనుక ఫసలీకి 590 కలిపి క్రీస్తుశకానికి మార్చుకోవడం అలవాటు చేసుకోండి. ఉర్దూ చదివేవారిని వెంట తీసుకెళ్తే రోజులు కలిసివస్తాయి.

మహిళల సారా వ్యతిరేక ఉద్యమాన్ని రాసేటప్పుడు, దానికి పేరు తెచ్చిన 1992 నాటి నెల్లూరు జిల్లా దూబగుంట కథను తెచ్చి మీ ఊరికి అతికించవద్దు. మీ ఊళ్లో దుకాణం ముందు ఎవరు కూర్చున్నారు, అది మూతపడిన నెలలోనే గుడుంబా ఎవరి ఇంట్లో మొదలైంది, ఆ ఇల్లాలు కూడా ఆ ధర్నాలో ఉందా అని అడగండి. ఉంది అన్న జవాబు నాకు ఒకటికి రెండుసార్లు వచ్చింది. మొగుడు క్వారీ దుమ్ముకు దగ్గుతూ మంచాన పడ్డాక ఆమెకు మరో ఆదాయం లేదు.

ఏటి దగ్గరి ఊళ్లలో ఇటీవలి కాలాన్నీ చూడాలి. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్లి ధరలు పెరగగానే తెలంగాణ సీసాలు కృష్ణ దాటడం మొదలైంది. 2024 అక్టోబరులో అక్కడ ప్రైవేటు దుకాణాలు మళ్లీ తెరిచారు. ఈ అయిదేళ్లలో బైకుల మీద సరుకు మోసిన కుర్రవాళ్లలో గని పని దొరకనివారు ఎందరన్నది అడగదగిన ప్రశ్న.

పేర్లు ఎక్కడా రాయవద్దు. 1986 నాటి పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టం పేరులోనే ‘బూట్‌లెగర్లు’ అన్న మాట ఉంది. దాని కింద విచారణ లేకుండానే నిర్బంధించవచ్చు. పేరు ఒక్కటి తీసేస్తే సరిపోదు. రాసినదాన్ని అచ్చుకు ముందు చెప్పినవారికే చదివి వినిపించండి. నేను ఒకచోట ‘వేపచెట్టు పక్క ఇల్లు’ అని రాసుకున్నాను. వింటున్నామె చేయి అడ్డం పెట్టి, ఆ వాడలో వేపచెట్టు ఒక్కటే ఉందని చెప్పింది. ఆ వాక్యం కొట్టేశాను.