అచ్చులు సరిగా పలకట్లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

మాట హఠాత్తుగా ముద్దగా మారినా, మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా ఇది చదువుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా 4.5 గంటలే గడువు. కింద చెప్పేది ఆ గండం గడిచినవాళ్లకు, ఇబ్బంది నెమ్మదిగా మొదలైనవాళ్లకు.

సమస్య: "ఆ", "ఈ", "ఊ" దాదాపు ఒకేలా వినిపిస్తున్నాయి

"ఆ"కు దవడ బాగా దిగాలి. "ఈ"కి నాలుక ముందుకొచ్చి పైకి లేవాలి. "ఊ"కు పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి. కండరాలు బలహీనపడినా, బిగుసుకున్నా, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు)లోలా కదలికలు చిన్నవైపోయినా నాలుక నోటి మధ్యలోనే ఉండిపోతుంది. ఇది డిసార్త్రియా. తప్పు ఎప్పుడు విన్నా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది.

పరిష్కారం: నోరు బాగా తెరిచి నిదానంగా మాట్లాడటం. పార్కిన్సన్స్ ఉంటే గొంతు పెంచే సాధన బాగా పనికొస్తుంది, ఎందుకంటే గొంతు పెరిగితే దవడ, నాలుక కదలికలు కూడా పెరుగుతాయి. వాళ్లకు మామూలు గొంతే అరుపులా అనిపిస్తుంది కాబట్టి, "ఇప్పుడు సరిగ్గా వినిపిస్తోంది" అని ఇంట్లోవాళ్లు చెబుతుండాలి.

సమస్య: అచ్చులు ముక్కుతో పలుకుతున్నాయి

ముక్కు మూసి ఒకసారి, వదిలి ఒకసారి "ఈ" అనిపించండి. ధ్వని మారితే మెత్తటి అంగిలి (నోటి పైకప్పులో వెనక ఉండే మెత్తటి భాగం) సరిగా మూసుకోవట్లేదని అనుమానించాలి. కొందరికి అంగిలిని ఎత్తిపట్టే పరికరం అమరుస్తారు. మాట్లాడేకొద్దీ ముక్కుమాట ఎక్కువై, విశ్రాంతితో తగ్గితే మయస్థీనియా గ్రావిస్ (వాడేకొద్దీ కండరాలు నీరసించే జబ్బు) కావచ్చు. అప్పుడు వ్యాయామాలు కాదు, న్యూరాలజిస్టు కావాలి.

సమస్య: ఒకసారి సరిగ్గా, మరోసారి తప్పుగా

ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "వడి" అనమంటే "వాడి" అంటారు, మళ్లీ అడిగితే "వేడి" అంటారు. నోరు సరైన స్థానం కోసం తడుముకుంటుంది. అదే మనిషి 1 నుంచి 10 వరకు అంకెలు గడగడా చెప్పేయగలరు. కండరం బాగానే ఉంది, దానికి అందాల్సిన కదలికల క్రమమే మెదడులో కుదరట్లేదు. దీన్ని అప్రాక్సియా అంటారు. బూరలు ఊదించడం, నాలుక వ్యాయామాలు ఇక్కడ మాటను బాగుచేయవు. ఆ శ్రమ వృథా అవుతుంటే చూడటం బాధగా ఉంటుంది. ఎదురుగా కూర్చుని, మీ నోరు చూడమని చెప్పి, ఇద్దరూ కలిసి నెమ్మదిగా అనండి. తర్వాత మీరు శబ్దం లేకుండా పెదవులే కదపండి. చివరికి వాళ్లనే అననివ్వండి. తక్కువ మాటలు, ఎక్కువసార్లు.

సమస్య: హ్రస్వం, దీర్ఘం తారుమారు

"పడు" కాస్తా "పాడు" అవుతోంది, ప్రతి అక్షరాన్నీ ఒకేలా నొక్కి పలుకుతున్నారు. అనుమస్తిష్కం (కదలికలను సమన్వయం చేసే చిన్న మెదడు) దెబ్బతిన్నప్పుడు ఇలా జరుగుతుంది. వేలితో తాళం వేస్తూ మాట్లాడిస్తే అక్షరాలు పలికే నిడివి అదుపులోకి రావచ్చు.

"పాలు" అనబోయి "పూలు" అంటూ, విన్నది అర్థం చేసుకోవడంలోనూ రాయడంలోనూ తడబడుతుంటే అది అఫేజియా (మెదడు దెబ్బతిని భాషే తడబడటం) కావచ్చు. ఉచ్చారణ ఒక్కటే దిద్దితే చాలదు, భాషకే చికిత్స కావాలి.

స్పీచ్ థెరపిస్టు దగ్గరకు వెళ్లేముందు ఫోన్‌లో మూడు రికార్డు చేయండి: సాగదీసిన "ఆ", ఒకే మాట ఐదుసార్లు, ఒక నిమిషం మామూలు కబుర్లు. ఉదయం ఒకసారి, అలసిపోయాక ఒకసారి.