ఆపరేషన్ ఫారం మీద సంతకం పెట్టే ముందు

ఖాళీ గడులున్న ఫారం మీద సంతకం వద్దు. ఆపరేషన్ పేరు, శరీరంలో ఏ వైపు, చేసే సర్జన్ పేరు, తేదీ నిండాకే కలం పట్టండి. తర్వాత ఏం రాసినా మీరు ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది.

ఇంగ్లీషు రాకపోతే తెలుగులో చదివి చెప్పమనండి. ఎందుకు చేస్తున్నారు, ప్రమాదాలేంటి, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది? ఇవి నర్సును కాదు, డాక్టరునే అడగండి.

"అవసరమైతే ఇతర ఆపరేషన్లు కూడా" అన్న వాక్యం దగ్గర తప్పకుండా ఆగండి. అవేంటో పేర్లతో రాయించండి, వద్దన్నవి కొట్టేయించండి. పరీక్ష కోసం లాపరోస్కోపీకి (చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో కడుపు లోపల చూడడానికి) ఒప్పుకున్న ఒక మహిళకు, మత్తులో ఉండగా తల్లి సంతకంతో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు ఆ సంతకం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. స్పృహలో, తెలివిలో ఉన్న పెద్దావిడ పక్కనే ఉన్నా కొడుకు చేత సంతకం పెట్టించడం మనకు మరీ అలవాటు. అది ఆమె హక్కు, ఆమెనే పెట్టనివ్వండి.

నిద్రమందు ఇవ్వకముందే ఈ పనంతా అయిపోవాలి. మత్తుకు విడిగా ఫారం ఉంటుంది, అదీ చదవండి.

సంతకం చేశాక ఫొటో తీసుకోండి. కేస్ షీట్ నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తు రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.